అయ్యవారు చదవని ఫలశ్రుతి

మా తెలుగు అయ్యవారు పోయారన్న సంగతి ధర్మవరం బస్టాండులో తెలిసింది. మా ఊళ్లో మగ్గం నేసే ఒకాయన పట్టుచీరల మూట దించుకుంటూ, "అయివారు పోయినాడప్పా" అన్నాడు. "అట్లనా" అన్నాను. టీ తాగి ఊరి బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. లోపల మొద్దుబారిపోయింది, అంతే.

ఫలశ్రుతి అన్న మాట నాకు నేర్పింది ఆయనే. పురాణం విన్న అలవాటు మీకుంటే తెలిసే ఉంటుంది. "కత యాడో ఒకచోట నిలిచిపోతాది, అది ముగింపు. ఇంతసేపు కూచోని విన్నందుకు నీకేం మేలు కలుగుతాదో ఆఖర్లో చెప్పేది ఫలశ్రుతి. కవి విన్నోళ్లకు మాట ఇచ్చి లేస్తాడ్రా" అనేవారు. చెబుతూ చెబుతూ సుద్దముక్కను చొక్కా జేబులో వేసుకునేవారు. ఆ జేబు ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

వానలు ముఖం చాటేసిన ఏళ్లలో మా ఊరి ఆంజనేయస్వామి గుడి ముందు పురాణం చదివించడం ఆనవాయితీ. చదివేది అయ్యవారే. వినేవారి పొలాలు పండుతాయని ఫలశ్రుతిలో ఉంటుంది. అది చదివి హారతి ఇస్తే వాన దిగుతుందని ఊరి నమ్మకం. డెబ్బైల్లో ఒక ఏడు ఆయన కథ ముగించి, ఫలశ్రుతి పేజీలో ఎర్ర పట్టుదారం పెట్టి, పుస్తకం మూసేశారు.

"ఏమి అయివారూ, ఆ నాలుగు మాటలూ చదివేస్తే ఏం పోతాది? విత్తనకాయలు తినే గతి వస్తాండాది మాకు" అని మా నాయన బతిమాలాడు.

"బీడు ముందర కూచోని పంట పండుతాదని యా నోటితో చెప్పేదప్పా? వాన వచ్చినాక చదువుదాం."

వాన రాలేదు. విత్తనానికి దాచుకున్న వేరుశనగ, మా చెనిక్కాయలు, వేయించుకు తిన్నాం. నాయన బెంగళూరుకు కూలికి పోయాడు. అయ్యవారు చదవకపోబట్టే వాన రాలేదని ఊరంతా అనుకుంది, నాయనైతే గట్టిగా నమ్మాడు. ఆ తర్వాత ఆయన్ని పురాణానికి పిలవలేదు. నాయన తిరిగొచ్చాక కూడా ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే అయ్యవారే "బాగుండావా అప్పా?" అని పలకరించేవారు. జవాబు రాకపోయినా మళ్లీ కనిపించినప్పుడు అదే అడిగేవారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. కానీ నిలబెట్టుకోలేని మాట ఎవరికైనా ఇవ్వబోతే నా నోరు ఆగుతుంది, అది అయ్యవారు పెట్టిన భిక్షే.

కర్మల రోజున అయ్యవారి భార్య ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "ఆయన పేరు చెప్పి ఆఖరి అధ్యాయం చదువు నాయనా" అంది. ఈ ఏడూ వానల్లేవు. ఎవరూ పిలవకుండానే మా నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చదువుతూ చదువుతూ ఎర్రదారం దాకా వచ్చాను. దాన్ని తీయబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. వాన వచ్చినాక చదువుదాం."

నాయనే పుస్తకం మూసి, కండువాతో అట్ట మీది దుమ్ము తుడిచి, అయ్యవారి ఫొటో ముందు పెట్టాడు. బయటికి వేలాడుతున్న దారం కొస వేడిగాలికి కొద్దికొద్దిగా కదులుతోంది.