మేస్త్రి బొటనవేలు

మోటార్లకు తీగ చుట్టే ఆ మేస్త్రిని వీధిలో అందరూ బొటనవేలు మేస్త్రి అనేవారు. స్విచ్ వేసే ముందు మోటారు ఇరుసు మీది చక్రాన్ని బొటనవేలితో ఒక్క తోపు తోయడం ఆయనకు ముప్పయ్యేళ్ల అలవాటు. బిగుసుకుందేమో చూడాలని గురువు నేర్పిన పద్ధతి. మంచి అలవాటే, కానీ అదే ఆయన కొంప ముంచింది.

భార్య తుంటి ఎముక విరిగి మూడు నెలలుగా మంచాన ఉంది. ఆవిడ కోరిక ఒక్కటే: ఎవరినీ పిలవకుండా తనంతట తాను లేచి కూర్చోవాలి. మేస్త్రి మంచం తలవైపు పలక కింద, తిరుగుతూ దాన్ని పైకి లేపే మర కడ్డీ, పాత మోటారు, దానికి కరెంటిచ్చే చిన్న డీసీ సప్లై బిగించాడు. ఆయన పక్కనుంటే పలక దర్జాగా లేచేది. ఆయన షాపుకెళ్లాక ఆవిడ బటన్ నొక్కితే సప్లై టక్కున ఆగిపోయేది.

"నీ వేలిలో బలం లేదు, గట్టిగా నొక్కు," అన్నాడు వరుసగా నాలుగు రోజులు. ఆవిడ మనసు చివుక్కుమంది. బటన్ ముట్టుకోవడమే మానేసింది.

ఐదో రోజు ఆవిడే అడిగింది. "ఏమండీ, ఒకసారి ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని నొక్కండి చూద్దాం."

"నా చెయ్యేం చేసిందే?"

"ప్రతిసారీ ఆ చక్రాన్ని వేలితో తోస్తున్నారుగా. పడుకున్నదాన్ని, నాకింకేం పని? అదే చూస్తుంటా."

ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని నొక్కాడు. టక్. ఆగిపోయింది.

మేస్త్రి మొహం వెలవెలబోయింది. ఆగిన మోటారు కదిలేటప్పుడు, నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుందని పదిమందికి పాఠం చెప్పిన మనిషి! ఆ మొదటి గుంజుడు చిన్న సప్లై తట్టుకోలేదు. ఇన్నాళ్లూ మోటారును ముందే కాస్త తిప్పి దాన్ని తన వేలే గట్టెక్కించింది. నింద మాత్రం ఆవిడ వేలి మీద పడింది.

"తప్పు నాదేనే," అన్నాడు తల దించుకుని.

సాయంత్రానికల్లా ఓల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచే చిన్న బోర్డు సప్లైకీ మోటారుకీ మధ్యలో కలిపాడు. ఆవిడ నొక్కింది. మోటారు నసిగింది. ఆయన వేలు చక్రం వైపు సాగింది.

"చెయ్యి!" అని గదిమింది ఆవిడ.

చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పలక అంగుళం లేచింది, ఇంకో అంగుళం లేచింది. ఆవిడ చూపు కిటికీ అంచు దాటి వీధిలోకి వెళ్లింది.

"అరే, ఎదురింటి గేటుకి నీలం రంగేశారే! ఎప్పుడు?"

వేసి రెండు నెలలైంది. ఆయన రోజూ దాని ముందు నుంచే షాపుకెళ్లేవాడు. ఇంట్లో చెప్పాలని ఒక్కరోజూ తట్టలేదు.