బైబిల్ మీద చెయ్యి పెట్టించిన పెద్దబాపు

మా పెద్దబాపు పోయాడు. పోయిన నెల ఒక పొద్దున, నిజామాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతూ టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే బోధన్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దబాపు పోయిండు. చాయ్ తాగి పండుకున్నడు, మళ్ల లేవలే" అన్నాడు. చాయ్ తాగే పోయాడని విన్నాక ఏడుపులోనూ కొంచెం తృప్తి అనిపించింది. షుగరు ఉంది, తగ్గించమని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా, గ్లాసు అడుగున చక్కెర మిగిలితే తప్ప అది చాయే కాదనే మనిషి. "చక్కెర ఫ్యాక్టరీల పని జేసినోన్ని, చప్పటి చాయ్ తాగుమంటవా?" అని మా పెద్దమ్మను దబాయించేవాడు.

బస్సులో బోధన్ వెళ్తున్నంతసేపు ఆయన చేసిన మంచి పనులన్నీ గుర్తు చేసుకుందామని చూశాను. తక్కువేమీ కాదు. ఆయన తమ్ముడు, మా బాపు, చిన్నవయసులోనే పోతే నన్నూ తమ్ముణ్నీ చదివించింది ఆయనే. కానీ కిటికీ పక్కన కూర్చున్న నాకు ఒకే ఒక్క సాయంత్రం మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆ సాయంత్రాన్ని ఆయన బతికినన్నాళ్లు ఎవరి దగ్గరా దాచలేదు కాబట్టి నేనూ దాచను.

ఫ్యాక్టరీ యార్డులో చెరకు బండ్లను, ట్రాక్టర్లను వరస తప్పకుండా లోపలికి పంపడం పెద్దబాపు పని. గొంతు పెద్దది. ఆ గొంతుకు రెండే పనులు తెలుసు: ఆదివారం గుడిలో పాట ఎత్తుకోవడం, మిగతా రోజులు పార్టీకి జిందాబాద్ కొట్టడం. మేము చర్చిని గుడి అనే అంటాం. ఆ గుడిలో ఆయన సంఘపెద్ద, మా వాడకట్టులో పార్టీ పెద్ద. గుడి గేటు దగ్గర బండి ఆపి, మెడలోని పార్టీ కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి సీటు కింద దాచాకే లోపలికి వచ్చేవాడు. "ఓటు పార్టీది, ప్రాణం ప్రభువుది. రెంటికి లడాయే లేదు బిడ్డా" అనేవాడు. నిజంగానే చాలా ఏళ్లు లడాయి రాలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాకే వచ్చింది. యార్డులో గడ్డి మొలిచింది. మా వాడకట్టులో మగవాళ్లు కొందరు కోటగిరి, వర్ని వైపు నాట్లకూ కోతలకూ కూలికి పోయారు. అలాంటప్పుడు ఎలక్షన్లు వచ్చాయి, మేం గెలిస్తే ఫ్యాక్టరీ తెరిపిస్తామని పార్టీ చెప్పింది. పెద్దబాపు దాన్ని దేవుని వాక్యం నమ్మినట్టు నమ్మాడు. ఇప్పటికీ నాకు బాధ అనిపించేది అక్కడే. రాజకీయ నాయకుడి మాటను నమ్మొచ్చు, తప్పులేదు. వాక్యాన్ని నమ్మినట్టు నమ్మకూడదు.

పోలింగు దగ్గరపడ్డాక, పార్టీ లీడరు మా పెద్దబాపు ఇంటికి వచ్చాడు. కుర్రవాడే. పెద్దబాపును కాకా అనేవాడు. ఇంటింటికీ పైసలు పంచమంటే పెద్దబాపు చేతులు జోడించాడు. "నేను గుడిల పెద్దను. నా చేతుల మీద గది కాదు" అన్నాడు.

"సరే కాకా, పైసలద్దు. బైబిల్ మీద చెయ్యి పెట్టిపియ్యి. అన్ని వాడకట్టుల్ల పసుపుబియ్యం పట్టుకొని పమాణాలు జేస్తున్నరు. మీ వాళ్లకు బైబిలే గదా" అన్నాడు లీడరు.

పైసలు పంచడం పాపమైతే ఇది శుభ్రమైన పని అనుకున్నాడు మా పెద్దబాపు. పెద్దమ్మ మాత్రం వంటింట్లోంచే అంది, "బైబిల్ సదువుకునేతందుకా, చెయ్యి పెట్టిపిచ్చేతందుకా?" అని. ఆమె మాట ఆ ఇంట్లో ఎప్పుడూ ఆలస్యంగానే వినబడేది.

ఆ సాయంత్రం వాళ్ల వాకిట్లో ప్రార్థన కూడిక. సెలవని నేనూ వెళ్లాను. ముగింపు ప్రార్థన అయ్యాక, చాయ్ రాకముందు, పెద్దబాపు ఒక స్టూలు మీద తన బైబిల్ పెట్టాడు. "పార్టీ కోసం కాదు, ఫ్యాక్టరీ కోసం. మన పిలగాళ్ల కోసం" అన్నాడు. ఒక్కొక్కరే వచ్చి దాని మీద చెయ్యి పెట్టి, ఓటు ఆ పార్టీకే వేస్తామని ప్రమాణం చేశారు. నా ఓటు నిజామాబాద్‌లో ఉంది కాబట్టి నన్నెవరూ పిలవలేదు. ఆఖరున పక్కింటి ఎస్తేరవ్వ వచ్చింది. చేతిని కొంగుకు రెండువైపులా తుడుచుకుని మరీ పెట్టింది. చదువు రాదు ఆమెకు. చదవలేని పుస్తకమంటే ఆమెకు ఉన్న భయభక్తులు చదివిన మాకెవరికీ లేవు.

పార్టీ గెలిచింది. కానీ మా వాడకట్టు బూతులో అవతలి పార్టీకి కూడా ఓట్లు పడ్డాయి. చౌరస్తాలో లీడరు పదిమంది ముందు నవ్వుతూ, "ఏంది కాకా, మీ ప్రభువు ముందట చేసిన పమాణం మీ వాళ్లే నిలబెట్టుకోరా?" అన్నాడు. పెద్దబాపు మొహం కందిపోయింది. ఆ మాటను కడుపులో పెట్టుకుని ఆదివారం గుడికి వచ్చాడు. ప్రకటనలు చదవడానికి లేచి, చదవాల్సినవన్నీ చదివి, చదవాల్సిన పని లేనిది ఒకటి అన్నాడు.

"బైబిల్ ముట్టి మాట తప్పినోళ్లు మన నడుమనే ఉన్నరు. గసొంటోళ్లు ప్రభువు బల్ల కాడికి ఏ మొకంతోని అస్తరో సూస్త."

కండువా సీటు కిందే ఉంది ఆ రోజు కూడా. కానీ గుడిలో నిలబడి మాట్లాడింది పార్టీ.

పెద్దబాపు అన్న ఆ బల్ల దగ్గరే, నెలలో మొదటి ఆదివారం మా గుడిలో ప్రభు భోజనం ఇస్తారు. ముందుకు వెళ్లి మోకరించి అరచెయ్యి చాపితే పాస్టరుగారు రొట్టె ముక్క పెడతారు, తర్వాత ద్రాక్షరసం. ఆ నెల అందరూ లేచారు, ఎస్తేరవ్వ లేవలేదు. ఆరాధన అయ్యాక పెద్దబాపు కంగారుగా ఆమె దగ్గరికి వెళ్లి, "ఏమైందవ్వా, పానం మంచిగ లేదా?" అని అడిగాడు.

"నీ పార్టీకి ఎయ్యలే బిడ్డా" అంది ఎస్తేరవ్వ.

ఆమె మనుమడికి డెంగ్యూ వచ్చి నిజామాబాద్ దవాఖానలో పడుకున్నప్పుడు ఒక కుర్రాడు వచ్చి రక్తమిచ్చాడు. అవతలి పార్టీ తరఫున నిలబడింది ఆ కుర్రాడి అన్నే. "బటన్ కాడ నిలబడంగనే ఆ పిలగాని మొకం కండ్లల్ల మెదిలింది. చెయ్యి అటే పోయింది. బైబిల్ మీద చెయ్యి పెట్టినప్పుడు గా మొకం యాదికి రాకపాయె" అంది. ఏడవలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. 

పాస్టరుగారు ఆమెకు నచ్చజెప్పారు. అసలు ఒట్టే పెట్టుకోవద్దని ప్రభువే చెప్పాడని, పెట్టించినవాళ్లదే తప్పని, దేవుడు ఎప్పుడో క్షమించాడని అన్నారు. ఆమె వింది. "క్షమిస్తడు అయ్యగారూ, ఆయన పెద్ద మనసు ఆయనది. పెట్టిన చెయ్యి నాది గదా" అంది. పెద్దబాపు వాళ్లింటికి పోయి కాళ్ల మీద పడినంత పని చేశాడు. "తప్పు నాదవ్వా, నీది కాదు. ఆ మాట అనకుంట ఉండాల్సింది" అన్నాడు. "నీది నీకున్నది, నాది నాకున్నది. చాయ్ తాగిపో" అందట.

దాంతో ఆయన సంఘపెద్దగా తప్పుకున్నాడు. ప్రతి నెల మొదటి ఆదివారం వెనక బెంచీలో ఎస్తేరవ్వ పక్కన కూర్చునేవాడు. అందరూ లేచినా ఆయన లేచేవాడు కాదు. "అవ్వ తిన్ననాడే నేను తింట" అన్నాడు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు నాటకమన్నారు. నాకైతే కోపమొచ్చింది. "ముసలామె నెత్తిన ఇంకో బరువు పెడుతున్నావ్ పెద్దబాపూ. నువ్వు తినకపోవడం కూడా తన వల్లే అనుకోదా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.  ఆయన అన్నాడు, "ఎరుకే బిడ్డా. గని లేపేతందుకు నాకు శాత గాలే. ఒక్కదాన్ని గూసోబెట్టి ఎట్ల పోవాలె?"

పార్టీని మాత్రం ఆయన వదల్లేదు. అది నాకు చివరిదాకా మింగుడుపడలేదు. అడిగితే, "ఇడిసిపెడితే ఫ్యాక్టరీ సంగతి ఎవలడుగుతరు?" అనేవాడు. ఫ్యాక్టరీ సంగతి అడిగీ అడిగీ ఆయన గొంతే తగ్గిపోయింది. మళ్లీ ఎలక్షన్లు వచ్చినప్పుడు లీడరు మళ్లీ బైబిల్ మాట ఎత్తాడు. "ఓటు అడుగుత. ఎవని కాళ్లు మొక్కుమంటే వాని కాళ్లు మొక్కుత. బైబిల్ మాత్రం బయటికి తియ్య" అన్నాడు పెద్దబాపు. ఆ తర్వాత స్టేజీ మీదికి ఆయన్ను పిలవడం మానేశారు. గుడిలోనూ వెనక వరసే, మీటింగులోనూ వెనక వరసే. ఆ సంగతి తనే చెప్పి నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఈసారి వానాకాలంలో మంచాన పడ్డాడు. పాస్టరుగారు రొట్టె, రసం ఇంటికే తెచ్చారు. పెద్దమ్మ పోయి ఎస్తేరవ్వను పిలుచుకొచ్చింది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని ఆయన పాదాలు ఒత్తుతూ ఉండిపోయింది. పాస్టరుగారు ముందు ఆమె వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. పెద్దబాపు వైపు చూశారు. ఆయనా అంతే. "ఇద్దరూ ఇద్దరే" అని పెద్దమ్మ గోడ వైపు తిరిగి కండ్లు తుడుచుకుంది. తెచ్చిన రొట్టెను పాస్టరుగారు తెల్లగుడ్డలో చుట్టుకుని తిరిగి తీసుకుపోయారు. ప్రభువు భోజనం గడప దాకా వచ్చి వెనక్కి పోవడం నా జన్మలో ఆ ఒక్కసారే చూశాను. ఎంత చిన్న సంగతికి ఎంత పెద్ద ఆకలి అని ఇప్పటికీ బాధేస్తుంది.

నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి పెద్దబాపును పెట్టెలో పడుకోబెట్టారు. లీడరు పార్టీ కండువా తెచ్చి ఛాతీ మీద కప్పబోయాడు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎద మీద బైబిల్ ఉన్నది బిడ్డా, జాగ లేదు. కాళ్ల కాడ ఎయ్యి. ఆయనకు గదీ ఇష్టమే" అంది. ఆ మాట ఆలస్యం కాకుండా వినబడినందుకు నాకు సంతోషమైంది. లీడరు వంగి కాళ్ల దగ్గరే వేశాడు. సమాధి దగ్గర అందరూ మట్టి పోసేదాకా ఎస్తేరవ్వ నిలబడింది. "నేను ముందు పోత, గాయన తింటడు అనుకున్న. గిట్లయితదనుకోలే" అని ఎవరితోనో కాదు, తనలో తనే అనుకుంది.

ఆ తర్వాత వచ్చిన నెల మొదటి ఆదివారం పెద్దమ్మకు తోడుగా నేనూ గుడికి వెళ్లాను. పాస్టరుగారు బల్ల దగ్గరికి పిలిచారు. వరసలు లేచాయి. అందరికంటే వెనక, గోడ పట్టుకుంటూ, ఎస్తేరవ్వ నడిచి వచ్చింది. గుడిలో పాట దానంతటదే ఆగిపోయింది. ఆమె మోకరించడానికి పెద్దమ్మే పట్టుకుంది. పాస్టరుగారి మొహం వెలిగిపోయింది, రొట్టె తుంచి ఆమె ముందు పట్టారు.

"నాకు కాదు అయ్యగారూ. నా మూలంగ ఆయన తినక పోయిండు. ఆయన వంతు ఇయ్యుండ్రి" అంది.

 ఒకరి వంతు ఇంకొకరు తినడమనేది ఏ ఆరాధన క్రమంలోనూ ఉండదు. నా పక్కన ఎవరో వెక్కుతున్నారు. అయినా పాస్టరుగారు ఆ ముక్కను ఆమె అరచేతిలో పెట్టారు. ఎస్తేరవ్వ కండ్లు మూసుకుని, మెల్లగా, పండ్లు లేని నోటితో దాన్ని తినేసింది. లేవడానికి పెద్దమ్మ భుజం పట్టుకుంది.

అప్పుడు పాస్టరుగారు ఇంకో ముక్క తుంచారు. "ఇది నీది అవ్వా" అన్నారు.

ఆమె లేవలేదు, చెయ్యి చాపలేదు. ఆ రొట్టె వైపే చూస్తూ ఉంది. ఆమె వెనక నిలబడ్డవాళ్లు ఎవరూ తొందర పెట్టలేదు. పాస్టరుగారు చాచిన చెయ్యి అలాగే ఉంచారు.