బాబాయి చూసిన మధ్యాహ్నం ఆటలు

పోయిన బుధవారం పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. ఆ టైమ్‌లో ఎప్పుడూ చేయదు. బయటికొచ్చి ఎత్తాను. "మీ బాబాయి పోయారమ్మా. కాఫీ కలిపి తెచ్చేసరికి కుర్చీలోనే..." అంది. చాలాసేపు ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు.

మా నాన్నగారి తమ్ముడు ఆయన. ఇక్కడ అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీరు. నేను మాస్టర్స్‌కి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో నా సూట్‌కేసులు ఎత్తిందీ, చదువయ్యాక కూర్చోబెట్టి నా రెజ్యూమె దిద్దిందీ ఆయనే. ఆయన చలవతో ఉద్యోగంలో చేరిన నాలాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. శనివారం సంతాప సభకి అంతా వచ్చారు. "అంకుల్ లైఫ్‌లో ఒక్కరోజు కూడా ఖాళీగా కూర్చోలేదు" అన్నాడొకతను మైకులో. నేను తల దించుకున్నాను. పక్కన పిన్ని కూడా దించుకుంది.

ఇంటికొచ్చాక పిన్ని అంది, "ఆయన గురించి రాస్తానన్నావుగా, అది కూడా రాయి. ఈ ఊళ్లో ఇప్పుడు ఇంకెంతమంది అలా దాక్కుంటున్నారో." అందుకే రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతోంది.

బాబాయికి సినిమా పిచ్చేమీ లేదు. డైరెక్టర్ల పేర్లు తెలీవు, హీరోలని "ఆ పొడుగాయన", "ఆ గడ్డం అబ్బాయి" అనేవాడు. ఎప్పుడైనా ఒక సినిమా చూస్తే ఫోన్ చేసి రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ప్రేమకథలంటే, "వాళ్లిద్దరికీ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఆకలెయ్యలేదమ్మడూ, ఎలా నమ్మను?" ఛేజింగులొస్తే సీట్లో కుడికాలు నొక్కిపెట్టి కూర్చునేవాడు. "తడి రోడ్డు మీద ఆ బండి అక్కడ ఆగదు. ఇంకో రెండు ఇళ్లు దాటాలి." కుటుంబ కథలకి మాత్రం రానని చెప్పేసేవాడు. ఇంట్లో ఉన్నదానికి మళ్లీ టికెట్ ఎందుకు అని.

కొన్నేళ్ల కిందట ఒక శీతాకాలం, ఆయన అభిప్రాయాలు మరీ ఎక్కువయ్యాయి. తేనెటీగల డాక్యుమెంటరీ, కొరియా వాళ్ల క్రైమ్ కథ, దెయ్యాల సినిమా. దెయ్యాల సినిమా గురించి చాలాసేపు మాట్లాడాడు. "అసలు భయమంతా తలుపు తీసే ముందే అమ్మడూ. తీశాక ఏముంది, అదీ మనలాగే నిలబడి ఉంటుంది."

"ఇన్ని చూడ్డానికి టైమ్ ఎక్కడిది బాబాయ్?" అన్నాను.

"ప్రాజెక్ట్ కాస్త స్లోగా ఉంది" అన్నాడు.

ఒకరోజు పన్ను తీయించుకుని, సెలవు పెట్టానుగదాని మధ్యాహ్నం సినిమాకి వెళ్లాను. ఆ టైమ్‌కి పిల్లల కార్టూన్ ఒక్కటే ఉంది. హాలంతా ఖాళీ. వెనక వరసలోంచి ఆవకాయ వాసన వస్తే తిరిగి చూశాను. ఇస్త్రీ చొక్కా, పైన స్వెటర్, పక్క సీట్లో ఆఫీస్ బ్యాగు, ఒళ్లో పిన్ని కట్టిచ్చిన లంచ్ బాక్స్. బాబాయి పెరుగన్నం తింటున్నాడు.

నన్ను చూసి మూత పెట్టేశాడు. "ఈ సినిమా బాగుందంటున్నారు" అన్నాడు.

"అవునట" అన్నాను.

వెళ్లి పక్కన కూర్చున్నాను. తెర మీద ఏవో అడ్వర్టైజ్‌మెంట్లు వస్తున్నాయి. ఇద్దరం వాటినే చూస్తున్నాం. తలుపు కొట్టకుండా ఎవరి గదిలోకో వెళ్లినట్టు నాకు ఒళ్లంతా కుంచించుకుపోయింది. కాసేపటికి ఆయనే అన్నాడు, "వేసవిలో ఉద్యోగంలోంచి తీసేశారు. మీ పిన్నికి తెలీదు."

"అందులో మీ తప్పేముంది బాబాయ్?" మత్తు దిగని నోటితో మాట సరిగ్గా రాలేదు.

"తప్పు కాదమ్మడూ. సిగ్గు. అది వేరే." మళ్లీ మూత తీసి బాక్స్ నా వైపు జరిపాడు. "మెత్తగానే ఉంది, తిను."

సినిమా అయ్యాక, "ఆ తాబేలు పిల్ల బాగా చేసింది" అన్నాడు. నాకు ఒక్క సీనూ గుర్తులేదు.

నేనెవరికీ చెప్పలేదు. కానీ ఆదివారాలు వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, "మీ బాబాయికి ఈమధ్య పని ఎక్కువైంది పాపం" అని పిన్ని వడ్డిస్తుంటే, బాబాయి పప్పు కలుపుతూనే ఉండేవాడు, నేను కంచంలోకి చూస్తూ ఉండేదాన్ని. మా ఇద్దరిలో ఎవరి సిగ్గు ఎవరిదో తెలిసేది కాదు. ఇందరికి ఉద్యోగాలిప్పించిన మనిషి మాలో ఒక్కరినీ అడగలేకపోయాడంటే, మేం ఆయనకి ఏమవుతామన్నది కూడా నన్ను తొలిచేది.

జనవరిలో ఫోన్ చేశాడు. "రేపు మధ్యాహ్నం సినిమాకి రా. మీ పిన్నిని తీసుకొస్తున్నా."

"మధ్యలో నేనెందుకు బాబాయ్?"

"ఒక్కడినీ చెప్పలేను."

మర్నాడు ముగ్గురం కూర్చున్నాం, పిన్ని మధ్యలో. ఇవాళ ఆఫీస్ లేదా అని ఆమె ఆయన్ని అడగలేదు. లైట్లు ఆరిపోయాక, తెరమీంచి చూపు తిప్పకుండా బాబాయి చెప్పాడు. గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి.

పిన్ని కూడా తెర వైపే చూస్తూ మెల్లగా, "ఉతకడానికి తీసినప్పుడల్లా మీ స్వెటర్‌కి పాప్‌కార్న్ వాసనేనండీ. ఆఫీస్‌లో రోజూ పాప్‌కార్న్ పెడతారా?" అంది.

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను. తర్వాత్తర్వాత అడగడానికి నాకూ సిగ్గేసింది." ఆమే మళ్లీ, "ఇంట్లో ఉండొచ్చుగా. బయట ఇంత చలి" అంది.

బాబాయి కళ్లద్దాలు తీసి స్వెటర్ అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాక మళ్లీ తీశాడు. నేను లేచి నీళ్ల బాటిల్ కొనే నెపంతో బయటికెళ్లి, ఆ వరండాలో చాలాసేపు నిలబడ్డాను.

వేసవి మొదట్లో ఆయన మాలో ఒకతన్ని అడిగాడు. చిన్న కంపెనీలో కాంట్రాక్ట్ పని దొరికింది, ఆఖరిదాకా అదే చేశాడు. సినిమాలు మళ్లీ ఎప్పుడో ఒకటి అయిపోయాయి. ఈ సంగతి మేం ముగ్గురం మళ్లీ ఎత్తలేదు.

పిన్నికి చెప్పిన ఆ రోజు ఆట వదిలాక బయటికొచ్చాం. పార్కింగ్ లాట్ నిండా మంచు, దాని మీద పట్టపగటి ఎండ. చీకట్లోంచి వచ్చిన కళ్లకి ఏదీ ఆనలేదు. కారు ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తు రాలేదు. బాబాయి తన అరచేతిని పిన్ని నుదుటి మీద చూరులా అడ్డం పెట్టాడు. వెలుతురుకి తన కళ్లు చికిలించుకుంటూ, ఆమె జారిపడకుండా, ఆ తెల్లటి మంచులో ఒక్కో వరసా వెతుక్కుంటూ నెమ్మదిగా నడిపించాడు.