మిల్లు ధోతి కట్టుకుని ఖిల్లా చూసిన రోజు

నలభైల నాటి ఆ రోజుల్లో, మా వైపు నేతపని ఇళ్ళలో పెండ్లిచూపులకంటే ముందు పిల్లగాడి చూపులు జరిగేవి. పిల్ల తరఫు పెద్ద ఒకరు వచ్చి, ‘జర ఊరు చూపియ్యి బిడ్డా’ అంటూ పిల్లగాణ్ణి వెంటబెట్టుకుని పొద్దంతా తిరిగేవాడు. కాలు సరిగ్గా ఉందా, మాట పెళుసా, ఆకలేస్తే చిరాకు పడతాడా, అన్నీ నడకలో బయటపడతాయని నమ్మకం. (ఇప్పటి పిల్లలు ఇవన్నీ ఫోన్లోనే తేల్చుకుంటున్నారు. అదీ ఒక పద్ధతే.) డైరీ రాసే అలవాటు నాకు అప్పటికే ఉంది. అయినా నా వంతు వచ్చిన రోజు ‘ఎండ. నడక. ఖిల్లా.’ అని రాసి ఊరుకున్నాను. మిగతాది రాయడానికి సిగ్గేసింది.

హనుమకొండ కచ్చేరిలో గుమాస్తాగా కొత్తగా చేరాను. పిల్లది పరకాల. ఒక పెండ్లిలో బంతికి వడ్డిస్తూ, నా విస్తట్లో అడగకుండానే రెండోసారి పప్పు పోసి నవ్వింది. అప్పటినుంచి కచ్చేరిలో నా కూడికలన్నీ తప్పులే. అందుకని ఈ సంబంధం ఎలాగైనా కుదరాలి. యుద్ధం వల్ల నూలు దొరకని కాలంలో కూడా మా బాపు ఎలాగో సంపాదించి, నాకోసం ఒక ధోతి నేసి పెట్టాడు. కానీ అది ముతకది. కొలువు చేసేవాడన్నాక కాస్త మెరవాలి కదా అని, స్నేహితుడి దగ్గర తెల్లటి మిల్లు ధోతి అడిగి కట్టుకుపోయాను. నన్ను చూడబోయేది ఒక నేతన్న అన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

పిల్ల తండ్రి బండి దిగాడు. నెత్తికి చుట్టిన పెద్ద రుమాలు, తాపీ నడక. ఆయన్ని ఏమని పిలవాలో తెలియలేదు. ‘మామా’ అంటే తొందరపాటు, ‘కాకా’ అంటే పిల్ల చెల్లెలవుతుంది. పొద్దంతా ‘ఇటు రండి, అటు చూడండి’ అంటూ నెట్టుకొచ్చాను. వేయిస్తంభాల గుడిలో ఆయన దేవుడికి దండం పెట్టి, నేరుగా ఒక స్తంభం దగ్గరికి పోయి, చెక్కడం మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. “చూసినవా పిలగా, ఈ అంచు? గిసొంటిది నేస్తే చీర వంద పెండ్లిళ్ళకు కడ్తరు,” అన్నాడు. తర్వాత పక్కన నిలబడ్డ ముసలాయన కండువాను రెండు వేళ్ళతో నలిపి చూసి, “మంచి నూలే,” అన్నాడు. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ బట్ట నలపడం ఆయన అలవాటు. ఆ తర్వాతి మాటకు నేను రెండడుగులు పక్కకు జరిగాను. “మొన్న కేసముద్రం సంబంధం వద్దన్న. పిలగాడు మిల్లు ధోతి కట్టుకొచ్చిండు. మగ్గం మీద బతికిన పిల్లను గసొంటోనికిస్తనా?”

ఆ తర్వాత ఊరు చూసింది ఆయన, ఆయన చేతులు చూసింది నేను. దారి పొడుగునా మోదుగలు ఎర్రగా పూసి, మామిడి తోపుల్లో పూత వాసన కమ్మేస్తోంది. ఆయన ప్రతి చెట్టు కిందా ఆగాడు. ఆయన కుడివైపు వస్తే నేను ఎడమవైపు, ఆయన కూర్చుంటే నేను నిలబడి. “కూసో పిలగా, కాళ్ళు గుంజుతలేవా?” అంటే, “అలవాటేనండి” అన్నాను. (గుంజుతున్నాయి. ఘోరంగా గుంజుతున్నాయి.) బుట్టలో పుట్నాలు అమ్మే అవ్వ దగ్గర ఆయన కొని తినమని చేతిలో పోయబోతే, ఆయన చెయ్యి ఎక్కడ ధోతికి తగులుతుందోనని దూరం నుంచే దోసిలి చాపాను. సగం నేలపాలు. “గిదేం తినుడయ్యా, కోడిపిల్లలకు చల్లినట్టు!” అంది అవ్వ.

మధ్యాహ్నం దాటాక ఖిల్లా చేరాం. రాతి తోరణం కింద ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నావైపు తిరిగి, “అవు పిలగా, నీ ధోతి మస్తు మెరుస్తాంది. జర చూడనీ,” అని చెయ్యి చాపాడు. నేను ఒక్క గెంతు వెనక్కి వేశాను. వెనక విరిగిపడ్డ రాతి సింహం ఉంది. దాని పంజాకు ధోతి తగులుకుని, నడుము కింది నుంచి మడమ దాకా పర్రున చిరిగింది.

ఆయన నవ్వి నవ్వి రాతి మీద కూలబడ్డాడు. “మిల్లుదే. ఆ చప్పుడు చాలు. బండి దిగంగనే చూసిన. ఎంతసేపు దాస్తవో చూద్దామని తిప్పిన.”

“అయితే... సంబంధం?” అన్నాను, రెండు చేతులా చిరుగు పట్టుకుని.

“కేసముద్రపోడు నేను ‘మిల్లుదే’ అని మొఖం మీదనే అన్నంక సుత కాలు మీద కాలేసుకొని కూసున్నడు. నీకు సిగ్గయితాంది. సిగ్గున్నోడు మా మగ్గానికి ఇజ్జతిస్తడు. పెండ్లికి మాత్రం మీ బాపు నేసింది కట్టుకో.” ఆ మాటంటూనే నెత్తిన రుమాలు విప్పి, తన చేతులతోనే నా నడుముకు చుట్టాడు. తిరుగుదారిలో నేను మూరల కొద్దీ రుమాలులో, ఆయన ఎండలో బోడినెత్తితో. పుట్నాల అవ్వ చూసి, “ఏందయ్యో, నెత్తి మీదిది నడుముకు దిగింది?” అంది. “అల్లునికి పెట్టుబడి, అవ్వా!” అన్నాడాయన. చిరిగిన ధోతి సంగతి మరిచిపోయి నేను పళ్ళన్నీ బయటపెట్టాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఖిల్లాకు పోయానో, పిల్లలకూ మనవలకూ ఆ తోరణాలు ఎన్నిసార్లు చూపించానో. అయినా మొదటిసారి చూడాల్సిన రోజు మాత్రం చూడనే లేదు. ఇప్పుడు కర్ర పట్టుకుని ఆ దారిలో పోతుంటే, తల వంచుకుని ధోతి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నడుస్తున్న ఆ గుమాస్తా పిల్లగాడు ఎదురైనట్టే ఉంటుంది. ‘ఒక్కసారి తలెత్తరా నాయనా, ఊరంతా పూసి ఉంది’ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. వాడి కళ్ళన్నీ బట్ట నలిపే ఆ రెండు వేళ్ళ మీదే.