పెళ్ళిలో పీర్ల దరువు

మొన్న పొద్దున ఆదోని నుంచి ఫోను. మా బ్యాండు మాస్టరు ఇక లేరట. కాఫీ గ్లాసు చేతిలో అలాగే చల్లారిపోయింది. డెబ్బైల్లో, ఎనభైల్లో ఆయన క్లారినెట్ వెనక డ్రమ్ము కొట్టినవాణ్ణి నేను.

మండుటెండల్లో కూడా ఆయన కోటు విప్పేవారు కాదు. క్లారినెట్ పీకను నోట్లో తడుపుకుంటూ మేం చెప్పేదానికల్లా తలూపేవారు. పీక బయటికి తీశారంటే ఇక తిట్లే. "మొదటి దెబ్బ అందరం కలిసి ఎయ్యాల. ఆపైన ఎవని దోవ వానిది" అనేవారు. నేను లయ తప్పితే, "ఏమప్పా, గుంతకల్లు దాకా పోయినావా?" అని నవ్వేవారు.

అప్పట్లో పెళ్ళి బ్యాండంటే సినిమా పాటే. ఆయనకది చాల్లేదు. పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ జనం అలాయి ఆడేటప్పుడు తప్పెటల మీద మోగే దరువును పట్టుకొచ్చి, దాని మీద ట్రంపెట్లను తుంచి తుంచి పలికించారు. సాధనలో బాగానే ఉంది. సంతాపపు పండుగ దరువును పెళ్ళిలో వాయించాలంటే మాకు భయం.

మొదటిసారి ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో, ఊరేగింపులో ఎత్తుకున్నాం. పెళ్ళికొడుకు తండ్రి చెయ్యెత్తి ఆపించాడు.

"పెండ్లిలో పీర్ల దరువేంది మాస్టరూ? సినిమా పాట కొట్టు."

"సినిమా పాట చెవికి, అన్నా. ఇది కాలికి," అన్నారు మాస్టరు, మెల్లగానే.

ఆ పెళ్ళి చెడితే ఆ ఊళ్ళో మమ్మల్ని మళ్ళీ పిలిచేవాళ్ళుండరు. ఆ దరువుకూ అక్కడితో నూకలు చెల్లినట్టే. అంతలో పెళ్ళికొడుకు మేనమామ పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు.

"ఏటా గుండం కాడ ఎగిరేది మనమే గదా బావా! కొట్టండప్పా, నేనుండా."

వీధి వీధంతా ఎగిరింది. తండ్రి మాత్రం చివరిదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు, కాలు ఆడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆస్పరి పోయినా, హాలహర్వి పోయినా "ఆ ఆదోని దెబ్బ ఎయ్యండి" అనేవారు. వేరే బ్యాండ్లవాళ్ళూ ఎత్తుకుపోయారు. మేం రుసరుసలాడితే ఆయన, "నేర్చుకోనీండప్పా. మనం పోయినాక ఎవరు కొట్టాల?" అన్నారు. అంత పెద్ద మనసు నాకు ఈనాటికీ రాలేదు.

మొన్న సాయంత్రానికి ఆదోని చేరి మాస్టరు జనాజాకు భుజం పట్టాను. జనాజా వెంట మేళం ఉండదు కదా. మౌనంగా నడుస్తున్నాం. మలుపులో ఒక పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. ఎవరో కొత్త బ్యాండు, వాయిస్తున్నది ఆయన దరువే. పోతున్నది ఎవరో వాళ్ళకు తెలీదు. మర్యాదకు చటుక్కున ఆపి, ట్రంపెట్లు దించి పక్కకు జరిగారు. ఆపొద్దండప్పా అని అరవాలనిపించింది. జనాజా కింద భుజం మార్చుకున్నాను. మేం దాటేదాకా తప్పెట అతను చర్మం మీద అరచెయ్యి అదిమిపెట్టి, మోగనీయకుండా నిలబడ్డాడు.