మ్యాటర్ ఫైల్లో మా నాన్న

మా నాన్న గురించి నేను రాసిన పేజీని ఇంకొకడు తన నాన్న గురించి అని చెప్పుకుని యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాడు. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వయసు మీద పడితే కోపం తగ్గుతుందంటారు గానీ, నాకు తగ్గింది మోకాళ్లలో సత్తువ ఒక్కటే.

మాది జగ్గయ్యపేట. నాన్న సున్నపురాయి క్వారీలో రాతికి రంధ్రాలు వేసే పని చేసేవాడు. ఆ రంధ్రాల్లో మందు కూరి పేల్చే ముందు సైరన్ మోగుతుంది. మోగగానే అందరూ దూరంగా పరిగెత్తాలి. ఏళ్ల తరబడి ఆ పేలుళ్ల మధ్య ఉండి ఉండి నాన్నకి చెవులు పోయాయి. సైరన్ వినపడదని మేస్త్రికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. అందుకని నాన్న పక్కవాళ్లు పరిగెత్తడం చూసి తనూ పరిగెత్తేవాడు. ఒకసారి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి దూరం నుంచి నేను అది చూశాను. అందరూ కదిలాక, ఒక్క క్షణం ఆలస్యంగా ఆయన కదిలాడు. నేను చూసిన సంగతి ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు.

నందిగామలో బీఏ చదివాను, రోజూ బస్సులో వెళ్లి వస్తూ. ఎనభైల మొదట్లో డిగ్రీ అయిపోగానే హైదరాబాదులో ఒక యూనివర్సిటీకి, ఎమ్మే సోషియాలజీకి అప్లికేషన్ పెట్టాను. దానికి ఒక పేజీ జతచేయమన్నారు. ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాయాలట. ఆ పేజీకీ, దాని మీద ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలకీ కలిపి మార్కులున్నాయి. అలాంటిదొకటి ఉంటుందని మా కాలేజీలో ఎవరికీ తెలియదు. మా లెక్చరర్‌ని అడిగితే నాలుగు మంచి ముక్కలు రాసి పంపెయ్యమన్నాడు.

నేను నాలుగు ముక్కలు రాయలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని పదిహేను రోజులు కూర్చున్నాను. సైరన్ గురించి రాశాను. చెవుడు వచ్చిన మనిషి దాన్ని దొంగసొత్తులా ఎందుకు దాచుకోవాల్సి వస్తుందో తెలుసుకోవడానికే ఈ చదువు కావాలని రాశాను. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ నేను అంత నిజం ఎక్కడా రాయలేదు.

ఇంగ్లీషులో ఏ కాగితం పంపాలన్నా అప్పట్లో మా వైపు వాళ్లందరికీ నందిగామ బస్టాండు దగ్గరున్న టైపు ఇన్‌స్టిట్యూటే దిక్కు. అది నడిపే మాస్టారు ఏది కొట్టినా కింద కార్బన్ పెట్టి ఒక కాపీ తన ఫైల్లో ఉంచుకునేవాడు. దాన్ని మ్యాటర్ ఫైల్ అనేవాళ్లు. ఇంటి స్థలానికి అర్జీ కావాలన్నా, ఉద్యోగానికి అప్లికేషన్ కావాలన్నా జనం వచ్చి “మ్యాటరుందా మాస్టారూ” అని అడిగేవాళ్లు, పక్కింట్లో కాస్త ఉప్పుందా అని అడిగినట్టు. ఆయన ఫైల్లోంచి ఒకటి తీసి, పేరూ ఊరూ మార్చి కొట్టిచ్చేవాడు. అందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. ఇంగ్లీషు రానివాళ్లకి ఆయన చేసే సాయం అది.

నా పేజీ కొట్టడం అయ్యాక కళ్లజోడు తీసి, చాలా బాగా రాశావని మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను. కింద కార్బన్ ఉండటం కళ్లారా చూశాను, అయినా బుర్రకెక్కలేదు.

ఇంటర్వ్యూ రోజు వరండాలో మా క్లాసు అబ్బాయి కనిపించాడు. నందిగామ పక్క ఊళ్లో బాగా పొలాలున్న ఇంటివాడు. తనూ అప్లై చేశాడని అప్పుడే తెలిసింది. అతన్ని నాకంటే ముందు పిలిచారు. బయటికొచ్చేసరికి చెమటలు కారుతున్నాయి.

“మా నాన్నగారికి చెవుడా అని అడుగుతారేంటండీ వీళ్లు? ఏం చెప్పాలో తెలీక అవునండి అనేశా” అన్నాడు.

ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించేలోపే నన్ను పిలిచారు. బల్ల వెనక ముగ్గురు ప్రొఫెసర్లున్నారు. వాళ్ల ముందు నా కాగితం, దాని పక్కనే ఇంకో కాగితం. రెండూ ఒకే టైపు మిషన్ మీద కొట్టినవి, పేరూ ఊరూ తప్ప అక్షరం తేడా లేదు. మధ్యలో కూర్చున్నాయన నవ్వుతూ తెలుగులోనే అడిగాడు.

“మీ ఊళ్లో నాన్నలందరూ పక్కవాళ్లని చూసే పరిగెత్తుతారామ్మా?”

మిగతా ఇద్దరూ నవ్వారు. ఆ పేజీ నాదని చెప్పాను. క్వారీ పేరు చెప్పాను, మేస్త్రి పేరు చెప్పాను, నేను చూసిన రోజు సంగతి చెప్పాను. ముందొచ్చినతను కూడా తనదేనన్నాడు కదా అన్నారు. అతనికి వేసిన మార్కులు అప్పటికే ఇంకుతో వేసి ఉన్నాయి. నా ముందే నాకు సున్నా చుట్టారు.

లిస్టు వచ్చింది. అందులో అతని పేరుంది, నాది లేదు. డిగ్రీలో నా మార్కులు అతని మార్కులకంటే ఎక్కువ. ఆ పేజీ అనేదే లేకపోతే సీటు నాది. సొంత మాటలు కావాలని అడిగిన పెద్దమనుషులకి అవి ఎవరి సొంతమో తేల్చుకునే ఓపిక లేకపోయింది. క్వారీకి ఒక కార్డు ముక్క రాస్తే తేలిపోయేది. పేదవాళ్ల బాధ పేజీ నిండా రాయించుకుని, చప్పరించి, మార్కులేస్తారు. ఆ బాధ పడినవాడు బతికున్నాడా లేడా అన్నది వాళ్లకి అక్కర్లేదు. ఇప్పుడు మా బంధువుల పిల్లలు అలాంటి పేజీలు పట్టుకుని దిద్దిపెట్టమని నా దగ్గరికొస్తారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుంటాను.

ఫిర్యాదు రాయాలనుకున్నాను. రాయాలన్నా మళ్లీ టైపు కొట్టించాల్సింది ఆయన దగ్గరే. నందిగామ వెళ్లాను గానీ ఫిర్యాదు కొట్టించలేదు. ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నిలబడి మాస్టారిని నోటికొచ్చినట్టు తిట్టాను. మా నాన్న చెవుల్ని అమ్ముకున్నావన్నాను. అంతకు ముందెప్పుడూ ఆయన్ని మీరు తప్ప నువ్వు అనలేదు. టైపు నేర్చుకుంటున్న పిల్లలందరూ చేతులాపి చూశారు.

ఆయనకి కోపం రాలేదు. ఆ అబ్బాయి వచ్చి మ్యాటరుందా అని అడిగితే ఉన్నదాంట్లో మంచిది ఇచ్చానన్నాడు. తర్వాత ఫైలు తీసి కాగితాలు తిప్పి ఒకటి నా ముందు పెట్టాడు. బీఏలో చేరినప్పుడు ఫీజు రాయితీ కోసం నేను పెట్టిన అర్జీ. పైన నా పేరుంది. మూడో లైనులో, నాకు పదేళ్లప్పుడే తల్లి చనిపోయిందనీ, ఇంటెడు చాకిరీ నేనే చేసుకుంటూ చదువుతున్నాననీ ఉంది.

“కీసర నుంచి వచ్చిన ఒకమ్మాయి మ్యాటరది. నీకు ఫీజు తగ్గిందిగా. ఆ రోజు అరవలేదేం అమ్మాయ్?” అన్నాడు.

ఆ రోజు బస్సుకి టైమైపోతోంది. చదవకుండానే సంతకం పెట్టి పరిగెత్తాను. నా పేజీ పట్టుకెళ్లిన అబ్బాయి కూడా చదవకుండానే సంతకం పెట్టాడు. రెండూ ఒకటేనన్నట్టు చూశాడు మాస్టారు. కావని ఇప్పటికీ అంటాను. నాకు ఫీజు తగ్గితే ఎవరి సీటూ పోలేదు. ఆ కీసర పిల్లకి తగ్గాల్సినది నాకు తగ్గిందేమోనని ఎప్పుడైనా అనుమానమొస్తే, మాస్టారి మీద ఇంకాస్త కోపం తెచ్చుకుని ఊరుకుంటాను.

నా పేజీ కార్బన్ కాపీ, ఆ అర్జీ, రెండు కాగితాలూ ఫైల్లోంచి పీక్కుని బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. సీటు రాలేదని గట్టిగా చెప్పాను. ఏం రాశావేంటి అందులో అని అడిగాడు. పేజీ చేతిలో పట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నెమ్మదిగా చెప్పు, వీధిలో వాళ్లు వింటారన్నాడు. నెమ్మదిగా చెబితే ఆయనకి వినపడదు. అరిచే చెప్పాను, సైరన్ సంగతి కూడా. మేస్త్రికి తెలియకూడదని ఇన్నేళ్లు దాచుకున్నది మా వీధంతా విన్నది.

నాన్న చివరిదాకా నా నోటి వంకే చూశాడు.

“ఊరుగాని ఊళ్లో వాళ్లకి రాశావు గానీ, చూశానని నాతో ఒక్క ముక్క అనలేదేమ్మా” అన్నాడు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నా చేతిలో మిగిలిన కాగితాన్ని చూసింది.

“ఆ రెండోది కూడా చదవ్వే. అందులో నా గురించేనా రాసింది?” అంది.