గేటు మీద తడి తువ్వాలు

దయ్యాల మాటెత్తితే నవ్వే ఇంట్లో పుట్టాను నేను. మాది మణుగూరు దగ్గర బొగ్గు గనుల కాలనీ. అడవిని ఆనుకుని ఉన్న చివరి లైను. నాన్న గనిలో పనిచేసేవాడు. భూమి కింద పైకప్పుకు భయపడాలి, గ్యాస్‌కు భయపడాలి, ఇంక దయ్యాలకు భయపడే తీరికెక్కడిది అనేవాడు. నాదీ అదే బుద్ధి. ఇలాంటి కథ ఇంకెవరైనా చెబితే ముందు అనుమానపడేది నేనే.

అసలు సంగతికి ముందు మా లైను గురించి కాస్త గొప్పలు చెప్పుకోవాలి. ఓపిక పట్టండి.

గోడకు గోడ ఆనుకున్న చిన్న క్వార్టర్లు మావి. పక్కింట్లో మిక్సీ వేస్తే మన మంచం దగ్గర మోగుతుంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి అందులో పగలు నిద్రపోవాలి. నాన్నతో పాటు పనిచేసే రాజయ్య మామ మూల క్వార్టర్లో ఉండేవాడు. ఆయనే ఒక పద్ధతి మొదలుపెట్టాడు. పొద్దున వచ్చి స్నానం చేసి, పిండిన తువ్వాలు గేటు మీద వేసేవాడు. అది అక్కడున్నంతసేపు ఆ ఇంటి ముందు చప్పుడు చేయకూడదు.

చూస్తుండగానే లైనంతా అదే అలవాటైంది. తువ్వాలు కనిపిస్తే మేం బ్యాటూ బాలూ తీసుకుని అవతలికి పోయేవాళ్లం. కూరగాయలాయన కేక వేయకుండా బండి తోసుకుపోయేవాడు. ఎవరూ కాపలా లేరు, జరిమానా లేదు. అయినా తప్పినవాళ్లను నేను చూడలేదు. ఇప్పుడు ఖమ్మం శివార్లలో పెద్ద గేటున్న వెంచర్లో ఉంటున్నాను. పార్కుంది, కెమెరాలున్నాయి. పక్కింటాయన ఏ వేళప్పుడు నిద్రపోతాడో మాత్రం నాకు తెలియదు.

రాజయ్య మామ జబ్బు చేసి పోయాడు. ఆయన భార్య లక్ష్మత్త దుమ్ముగూడెంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ క్వార్టర్‌కు తాళం పడింది. నల్లా కూడా కట్ చేశారు.

నాన్న రిటైరైన రోజు మండే ఎండాకాలం. ఇంటి ముందు షామియానా వేశాం. భద్రాచలం నుంచి డీజే వచ్చింది. చివరి డ్యూటీ దిగి నాన్న దండలతో జీపులో వస్తున్నాడని ఫోన్ రాగానే పాటలు మొదలయ్యాయి. కుర్చీలు అదురుతున్నాయి. నా నాలుగేళ్ల కూతురు కనిపించలేదు కానీ నేను వెతకలేదు. మా లైనులో పిల్లలు ఎవరింట్లో ఉంటే వాళ్ల పిల్లలే. ఎవరో ఒకరు అన్నం పెడుతుంటారులే అనుకున్నాను.

ఉన్నట్టుండి ఎదురింటి శ్రీను పరుగున వెళ్లి పాట ఆపించాడు. మూల క్వార్టర్ గేటు మీద తడి తువ్వాలు ఉంది.

డీజే అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు.

"గేటుకు తాళం ఉంది గదన్నా. లోపల ఎవలు పండుకుంటరు?"

"తువ్వాల ఉంది గదా. ముందు ఆపు," అన్నాడు శ్రీను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. తాళం వేసిన ఇంటి కోసం షామియానాలోని జనమంతా గుసగుసల్లోకి దిగిపోయాం. గేటుకున్న తాళం సంగతి డీజే అబ్బాయికి తప్ప మాలో ఒక్కరికీ తట్టలేదు. తువ్వాలు కనిపిస్తే నోరు తగ్గించడం చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, ఆ క్వార్టర్ వెనక నుంచి, "అమ్మా" అని సన్నగా వినిపించింది.

అక్కడ లైనుకంతటికీ కలిపి ఒక నీళ్ల సంపు ఉంది. వంటవాళ్లు నీళ్లు తోడుకుని మూత సరిగా వేయలేదు. లోపల తన నడుము లోతు నీళ్లలో గోడ పట్టుకుని నిలబడి ఉంది నా బిడ్డ. అరిచి అరిచి గొంతు పోయింది. శ్రీను దిగి పైకి అందించాడు. నేను దాన్ని ఒళ్లోకి తీసుకుంటుండగానే రోజూ సాయంత్రం సంపులోకి వదిలే నీళ్లు పైపులోంచి దూకాయి. ఆ హోరు వింటూ దాన్ని సంపుకు దూరంగా ఎత్తుకుపోయాను. పాట ఇంకాసేపు మోగి ఉంటే ఏమయ్యేదో ఈ రోజుకీ పూర్తిగా ఊహించుకోలేను.

అందరూ కుదుటపడ్డాక తువ్వాలు సంగతి వచ్చింది. పచ్చ గళ్ల తువ్వాలు. అంత ఎండలోనూ నీళ్లు కారుతోంది. అమ్మ ఇంటింటికీ తిరిగి అడిగింది. మాది కాదన్నారు, మేం వేయలేదన్నారు. ఇంత మంచి పని చేసి దాచుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఆ గళ్లు మాకు తెలుసు. అందుకే లక్ష్మత్తకు ఫోన్ చేశాను.

"ఆయన తువ్వాల ఆయనతోనే పంపిన బిడ్డా. నా చేతుల్తోనే కప్పిన," అంది.

అలాంటి తువ్వాళ్లు బజారులో బోలెడు దొరుకుతాయి. నాన్న ఇప్పటికీ అదే అంటాడు. అది నిజమే. అయితే ఆ రోజు దాన్ని తడిపి అక్కడ వేసిందెవరు? పాట ఎందుకు ఆగిందో మాత్రం నాకు తెలుసు. అది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, గర్వమే.

కొన్నాళ్లకు మూల క్వార్టర్‌కు కొత్తవాళ్లు వచ్చారు. భర్తకు ఆ వారం నైట్ షిఫ్ట్. అమ్మ ఆ తువ్వాలు ఉతికి, మడతపెట్టి తీసుకెళ్లి, దాన్ని గేటు మీద ఎప్పుడు వేయాలో చెప్పి ఇచ్చింది. ఇది ఎవరిదని ఆ అమ్మాయి అడిగిందట.

"మన లైనుదే," అందట అమ్మ.